సామేలు కుడిచెయ్యి

కర్నూలు అప్పుడప్పుడే రాజధాని అయిన రోజులు. ఆఫీసుల్లో సగం గుడారాల్లోనే నడిచేవి. మిలిటరీ పింఛను అప్పీళ్లు వినడానికి వచ్చిన బోర్డు కూడా ఒక గుడారంలోనే కూర్చుంది.

"తర్వాత ఎవరు?"

కోడుమూరు నుంచి బస్సులో వచ్చిన సామేలు, అతని భార్య విశ్వాసమ్మ లోపలికి వచ్చారు. బల్ల వెనక యూనిఫారాలు చూడగానే సామేలు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఫైలు ఇంకా మద్రాసు నుంచి రాలేదు. సంగతేమిటో చెప్పండి," అన్నాడు కల్నల్.

విశ్వాసమ్మే అందుకుంది.

"యుద్ధమప్పుడు బర్మా బార్డర్లో చేసిన సర్వీసు సార్. ఆమీట సర్వీసులో ఉండంగానే కేన్సరొచ్చె. ఛాతీకి ఆపరేషను చేసిరి. జబ్బు పాయె గానీ కుడిచెయ్యి వాచిపాయె. భుజం దాటి లేయదు. బాయిలో నీళ్లు తోడేదానికి కాదు, తల దువ్వుకునేదానికి కాదు. ఇరవై శాతమే నష్టమని పింఛను తక్కువ రాస్తే ఎట్ల సార్?"

"నువ్వు కాసేపు ఊరుకోమ్మా. బాధపడేవాళ్లే చెప్పాలి."

విశ్వాసమ్మ ఏదో అనబోయి, కల్నల్ చెయ్యి అడ్డం పెట్టడంతో ఆగిపోయింది.

"ఏమయ్యా, చొక్కా విప్పు," అన్నాడు పక్కనున్న డాక్టరు.

"సార్, నేను..."

"మాట్లాడకు. ఊపిరి పీల్చు."

సామేలు పీల్చాడు. డాక్టరు అతని ఛాతీని అటూ ఇటూ తడిమి చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"మచ్చయినా లేదు సార్! ఎవరు కోశారో గానీ మహానుభావుడు!"

"చెయ్యెత్తమను."

సామేలు దిక్కుతోచక భార్య వైపు చూశాడు.

"ఆమెను చూస్తావేం? ఎత్తు!"

గుడారం గుడ్డకు తగిలేంత నిటారుగా లేచింది చెయ్యి. కల్నల్ బల్ల గుద్దాడు.

"ఇదా లేవని చెయ్యి? ప్రభుత్వాన్నే మోసం చేస్తారా? ఉన్న ఇరవై శాతమూ కొట్టేస్తాను!"

సామేలుకు ఏడుపొక్కటే తక్కువ. "చెప్పనీకుండా ఉంటే నేనేం చేసేది సార్?" అని గొణుగుతూ చొక్కా తిరగేసి తొడుక్కున్నాడు.

అప్పుడు విశ్వాసమ్మ ముందుకొచ్చి, మడమలు కలిపి నిలబడి, వాచిన కుడిచెయ్యి లేవక ఎడంచేత్తోనే సెల్యూట్ కొట్టి, "ఈయన నాకు తోడొచ్చినాడంతే సార్, మిలిటరీ నర్సును నేను," అంది.