రెండు నిమిషాల పాఠం

అడ్మిషన్ ఫారం మీద పేరు రాయమంటే విజయేందర్ ఒక్క క్షణం ఆగి, చనిపోయిన మామగారి పేరు రాశాడు. సదాశివ.

రాణిగంజ్‌లో ఇరవై రెండేళ్లుగా మోటారు పంపులు అమ్ముతున్న మనిషి, యాభై మూడో ఏట ఇంగ్లీషు నేర్చుకుంటున్నాడంటే బజారు ఊరుకోదు. పొద్దున ఒక చెవిన పడ్డ మాట షట్టర్లు దించేలోగా రోడ్డంతా తిరిగొస్తుంది. అందుకే బజారుకు దూరంగా ఏ.ఎస్. రావు నగర్ దాకా వచ్చాడు. పేరు దాచడమంటే ప్రీమియం కట్టనక్కర్లేని బీమా అనుకున్నాడు.

టీచరు ఆలిస్. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పి రిటైరైంది. చేరిన రోజే తెలుగులో తేల్చేసింది.

"ఈ గడప దాటాక తెలుగు లేదండీ. నేను అర్థం చెప్పను. చెబితే మెట్లు దిగేలోపు మర్చిపోతారు. మీ అంతట మీకు తెలిస్తే చచ్చేదాకా గుర్తుంటుంది. పుస్తకం అక్కర్లేదు. మీ పనిలో వినబడే ఇంగ్లీషు ఏదైనా ఫోన్‌లో రికార్డు చేసుకురండి. అదే మీ పాఠం."

ఆయనకు కావలసిందీ అదే. రికార్డింగ్ అప్పటికే జేబులో ఉంది.

రెండు నిమిషాలు. ఒక గొంతు భాగస్వామి లక్ష్మణ్‌ది. అవతల పంపులు తయారుచేసే కోయంబత్తూరు కంపెనీ మనిషి. ఆయనకు తెలుగు రాదు, హిందీ రాదు. కంపెనీతో మాటలన్నీ ఇంగ్లీషులో, లక్ష్మణ్ నోటితోనే. రైతులతో, మెకానిక్‌లతో బేరాలు విజయేందర్‌వి. మొదటినుంచీ పని అలా పంచుకున్నారు. ఈమధ్య ఆ ఫోన్ వస్తే లక్ష్మణ్ గోడౌన్‌లోకి పోయి స్పీకర్ పెట్టి మాట్లాడుతున్నాడు. ఒకరోజు విజయేందర్ పంపుల డబ్బాల మధ్య తన ఫోన్ పెట్టి వచ్చాడు.

రికార్డయినదాంట్లో తన పేరు మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ లక్ష్మణ్ నవ్వాడు.

కంపెనీ ఏజెన్సీ ఇద్దరి పేరునా ఉంది. అది పోతే విజయేందర్‌కు మిగిలేది అద్దె షట్టరు, నాలుగు పానాలు.

ఇంట్లో ఎవరినైనా అడుగుదామంటే, భార్య కల్పలతకూ లక్ష్మణ్ భార్య సుమిత్రకూ రోజూ గంటసేపు ఫోన్ ముచ్చట్లు. తర్జుమా చేసే యాప్‌కు వినిపిస్తే, పక్కనున్న వెల్డింగ్ మోత కలిసి తలాతోకా లేని మాటలు రాసింది.

క్లాసులో ఆలిస్ ఆ రెండు నిమిషాలూ రెండుసార్లు వింది. కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"హూ ఈజ్ విజయేందర్?"

"ఐ డోంట్ నో, మేడం."

ఆయన తప్పుల్లేకుండా పలికిన మొదటి ఇంగ్లీషు వాక్యం అది. క్లాసంతా చప్పట్లు కొట్టింది.

వారం ఆగి, ఏదో మామూలుగా అడిగినట్టు అడిగాడు. "గిండ్ల ఏమంటున్నడు మేడం?"

"నో ట్రాన్స్‌లేషన్," అంది ఆలిస్.

మళ్లీ అడగలేదు. కావలసిన సరుకు వైపు చూడకుండా పక్క సరుకు ధర అడిగేవాడే వ్యాపారి. ఆత్రం చూపిస్తే బేరం చెడుతుంది.

పద్ధతి మాత్రం గట్టిదే. మొదటి నెలంతా వినడం. రెండో నెల ముక్కముక్కగా పలకడం. ఆ తర్వాత నాటకం. ఆలిస్ కోయంబత్తూరు మనిషి, విజయేందర్ లక్ష్మణ్. ఆయన గడగడా అప్పజెప్పేవాడు. లక్ష్మణ్ నవ్విన చోటల్లా నవ్వేవాడు.

"అంకుల్, మస్తు జేస్తున్నరు! జెర విలన్ లెక్క నవ్వితే ఇంకా జోరుంటది," అనేది మెట్లు దిగుతూ తోటి విద్యార్థిని రజిత.

సీలు విప్పని పెట్టెను మోసే హమాలీలా ఆయన ఆ మాటలు మోశాడు.

మార్చి మొదటి వారంలో లక్ష్మణ్ కాగితాలు ముందు పెట్టాడు.

"అన్నా, ఏజెన్సీ రెన్యువల్. ఏటా ఉండేదే గదా. గీడొకటి, గీడొకటి సంతకం వెట్టు."

విజయేందర్ కాగితం వంక చూశాడు. చదవడం నాలుగో నెలలో నేర్పుతానని ఆలిస్ ముందే చెప్పింది. ఇంకాసేపు చూస్తే వీడికి అనుమానం వస్తుంది. మాట దాటేస్తే మరింత జాగ్రత్తపడతాడు. ఒక్క నెల ఓపిక పడితే వీడి గుట్టంతా తన చేతిలో ఉంటుంది.

"నువ్వు జూసినవ్ గద తమ్మీ. ఇగ నేనేం జూడాలె," అని రెండుచోట్లా పెట్టాడు.

ఏప్రిల్ మొదట్లో కోయంబత్తూరు లారీ వచ్చింది. విజయేందర్ షట్టరు ముందు ఆగలేదు. ఆరు దుకాణాల అవతల ఆగింది. అక్కడ కొత్త బోర్డు. దాని మీద లక్ష్మణ్ ఒక్కడి పేరు.

సాయంత్రం కాళ్లు అలవాటు కొద్దీ క్లాసుకు తీసుకెళ్లాయి. ఆలిస్ రికార్డింగ్ పెట్టింది. ఈసారి వెల్డింగ్ మోత అడ్డం రాలేదు. పెట్టె సీలు ఊడింది. విజయేందర్ లేచి నిలబడి, అందులో ఉన్నదంతా ఇంగ్లీషులో, తన సొంత మాటల్లో చెప్పాడు. రెన్యువల్ అని చెప్పి, వాటా వదులుకున్నట్టు కాగితం మీద సంతకం పెట్టిస్తానంటున్నాడు లక్ష్మణ్. విజయేందర్‌కు ఇంగ్లీషు రాదు, చదవడు, నా మీద నమ్మకం అంటున్నాడు.

ఒక్క తప్పు లేదు. ఆలిస్ కళ్లు మెరిశాయి. ఒక్క మాటకైనా అర్థం చెప్పకుండా ఇంత దూరం తీసుకొచ్చిన విద్యార్థి ఆమెకు ఇంకొకరు లేరు.

క్లాసు అయ్యాక ఆయన గడప బయట ఆగాడు.

"మేడం, గీ ముచ్చట మీకెప్పుడు సమజైంది?"

పాఠం పూర్తయింది కాబట్టి ఆమె తెలుగులోకి దిగింది.

"మొదటి రోజే, సదాశివ గారూ. ఆ విజయేందర్ ఎవరో మీకు తెలుసని ఒక్క మాట అనుంటే, పాఠం పోతే పోయిందని ఆ సాయంత్రమే ఆటో ఎక్కి వెళ్లి ఆయనకు చెప్పొచ్చేదాన్ని."