గుడ్ల ఎర

కుడిచెయ్యి వణకకూడదు. దేశంకాని దేశంలో, పుంగ్గోల్ అనే పేటలో ఆ పదకొండో అంతస్తు వంటింట్లో నిలబడి ఏడుకొండలు మొక్కుకున్నది అదొక్కటే.

ఎదురుగా స్టాండుకి బిగించిన ఫోను. దాని వెనక ఆ ఇంటాయన కృష్ణచైతన్య. గట్టు మీద పళ్ళెంలో రెండు సాల్మన్ గుడ్ల తిత్తులు నారింజరంగులో నిగనిగలాడుతున్నాయి. పక్కన ఉప్పు, పంచదార, వెలిగారం, ఎర్రరంగు పొడి.

"మొదలెడదామా అన్నా? కెనడాలో మా ఫ్రెండుది ఎరల షాపు. గుడ్లు ఊరేసే మనిషి కావాలట. వీడియోలో మీ చేతివాటం నచ్చితే చాలు, ఆఫర్ లెటర్ పంపిస్తాడు."

"సేసెత్తాను బాబూ. మా ఇంట్లో సేప జెన ఉప్పేసేది నానే," అన్నాడు ఏడుకొండలు.

అనడం తేలికే. నాలుగు నెలల కింద షిప్‌యార్డులో ఇనప ప్లేటు జారి ఆ చేతి మీదే పడింది. మధ్య వేళ్ళు మూడూ సగమే ముడుచుకుంటాయి. ముడిస్తే మోచేతిదాకా షాక్ కొట్టినట్టుంటుంది. కంపెనీయే ఆపరేషన్ చేయించాలని కేసు వేశాడు. గురువారం విచారణ. గెలిస్తే మళ్ళీ వెల్డింగు పట్టుకోవచ్చు, ఓడితే ఈ చేత్తోనే ఊరికి విమానం ఎక్కాలి. అందాకా పని చెయ్యకూడదు. బూన్ లేలో కూలీల హాస్టల్లో బంకు మంచం మీద కూర్చుని గోడలు చూడాలి. "సెయ్యి ఎలగుంది?" అని రత్తమ్మ రోజూ ఫోన్లో అడుగుతుంది. "బానే ఉందే" అని పెళ్ళానికి రోజూ అబద్ధం చెబుతాడు.

సరిగ్గా అప్పుడే టీ కొట్టు దగ్గర ఈ కృష్ణచైతన్య తగిలాడు. "మీది టెక్కలి సైడా? మాదీ అటే అన్నా!" అన్నాడు. ఇంకేం కావాలి! పరాయి దేశంలో సొంత జిల్లావాడు కనిపిస్తే మనవాళ్ళకి ప్రాణం లేచొస్తుంది. పది రోజుల్లో మూడుసార్లు కలిసి టీ తాగారు. మూడుసార్లూ ఏడుకొండలు గ్లాసు ఎడమచేత్తోనే పట్టుకున్నాడు. దెబ్బ సంగతి మాత్రం చెప్పలేదు. చెయ్యి పాడైనవాడికి కెనడాలో పనెవడిస్తాడు?

"ముందు మీ పేరు, ఇవాళ్టి తేదీ చెప్పండన్నా. ఛానెళ్ళలో అలాగే చెప్తారు."

చెప్పాడు.

"ఇప్పుడు పైపొర చింపండి. కుడిచేత్తో. ఎడమైతే ఫ్రేములో సరిగ్గా పడట్లేదు."

చింపాడు. తిత్తిని నిమ్మకాయంత ముక్కలుగా కోశాడు. కత్తెర మూసినప్పుడల్లా కళ్ళముందు చుక్కలు కనిపించాయి. పళ్ళ బిగువున నవ్వాడు. నొప్పి బయటపడకుండా మాట కలిపాడు.

"ఇది ఏ సేపకి ఎర బాబూ?"

"సాల్మన్‌కే. స్టీల్‌హెడ్ అని ఇంకోటుంది, దానికీ. మన పులసలాగే సముద్రంలోంచి ఏటికి ఎదురెక్కుతాయి. అప్పుడు తిండి కూడా పెద్దగా ముట్టవు. గుడ్లు కనిపిస్తే మాత్రం నోట పట్టేస్తాయి."

"ఓర్నాయనో! దాని జెనే దానికి ఎరా?"

"తన జాతిదే కదా, అనుమానం రాదు," అని నవ్వాడు కృష్ణచైతన్య.

అతని భార్య అరుణశ్రీ కాఫీ తెచ్చింది. ఏడుకొండలు నుదుటి మీద చెమట చూసి ఆగింది.

"సీసా నేను పట్టుకుంటానన్నా. మీరు గుడ్లు వెయ్యండి."

"నువ్వు లోపలికెళ్ళు. అన్న ఒక్కడే చెయ్యాలి," అన్నాడు భర్త.

"ఇంక చాలు కదండీ."

"వెళ్ళమన్నానా?"

వెళ్ళింది. మొగుడూ పెళ్ళాల మధ్య మనమెందుకని ఏడుకొండలు తల వంచుకున్నాడు. ఉప్పూ పంచదారా వెలిగారం కలిపి, రంగేసి, గుడ్లకి పట్టించి సీసాలో నింపాడు.

"మూత గట్టిగా బిగించి, సీసా ఎత్తి ఊపండి. దగ్గరగా తీస్తా."

వేళ్ళు ముడుచుకోనన్నాయి. వెంకన్నబాబూ, ఈ ఒక్కసారికి కాపాడు, అనుకున్నాడు. బిగించాడు. ఎత్తాడు. ఊపాడు. మోచెయ్యి దాటి భుజందాకా పాకింది నొప్పి.

ఉప్పుకి గుడ్లు నీరొదలాలి, మళ్ళీ ఆ నీటినే పీల్చుకుని గట్టిపడాలి. ఒకరోజు పడుతుంది. అందుకని కృష్ణచైతన్య ముందురోజు ఊరేసిన సీసా ఒకటి ఫ్రిజ్‌లోంచి తీశాడు.

"ఇదే లాస్ట్ అన్నా. గాలానికి దారంతో గుడ్లు కట్టి చూపించండి."

వెంట్రుకంత సన్నటి దారం. మూడు చుట్లు, ఒక ముడి. మొదటిసారి జారిపోయింది. రెండోసారీ జారింది. మూడోసారి గాలం కిందపడింది.

"పర్లేదన్నా, అవన్నీ కట్ చేసేస్తా. మళ్ళీ చెయ్యండి."

ఎంత మంచివాడో! ఏడుకొండలు కళ్ళు చెమర్చాయి. నాలుగోసారికి ముడి పడింది.

"సూపరన్నా! చేతికేమైనా ఇబ్బంది ఉందా అని వాళ్ళడుగుతారు. కెమెరా చూసి చెప్పేయండి."

ఏడుకొండలు రంగంటిన చేతిని ఫోను ముందు ఆడించాడు. "ఏటీ నేదు బాబూ. ఇది ఇనప సెయ్యి."

లిఫ్టు తలుపులు మూసుకున్నాక ఏడ్చాడు. కొంత నొప్పికి, కొంత సంతోషానికి. రైల్లో కూర్చుని ఎడమచేత్తో రత్తమ్మకి ఫోన్ చేశాడు. "గురువారం ఏటైనా కానీయే, మనకి కెనడా ఉంది. మన జిల్లా బాబు సూసుకుంటన్నాడు."

చెయ్యి బూరెలా పొంగింది. గురువారానికి కూడా వాపు దిగలేదు.

విచారణ గదిలో కంపెనీ తరఫున లేచి, "చేతికి ఏ ఇబ్బందీ లేదని అతని నోటితోనే వినండి" అంటూ ఆ వీడియో వేసి చూపించినవాడు కృష్ణచైతన్య.