వెనక్కి వెళ్ళే మీట

రుషికొండ బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా సత్యశ్రీకి కంగారు తగ్గలేదు. ఒళ్ళో పుస్తకం తెరిచే ఉంది. కంప్యూటరు పాఠాలు, మొత్తం ముప్ఫై రెండు. వన్ టౌన్‌లో పాత పుస్తకాల కొట్టు నుంచి తెచ్చి, నిరుటి క్యాలెండరు కాగితంతో అట్ట వేసుకున్నారు.

పక్కన నాన్న దొరబాబు. పెళ్ళిళ్ళకి తొడుక్కునే తెల్ల చొక్కా తొడుక్కుని వచ్చాడు.

"వణుకుతన్నావేటే?" అన్నాడు.

"లేదు నాన్నా. చలి."

"మే నెల్లో సలేటే తల్లీ! బస్సులోవోళ్ళు ఇంటే నవ్వుతారు."

ఆమెకు నవ్వు రాలేదు. పరీక్ష పదింటికి. పోర్టులోకి కొత్త క్రేన్లు వస్తున్నాయి. వాటి మీదకి మనిషి ఎక్కక్కర్లేదు. గదిలో కూర్చుని, తెర మీద చూసుకుంటూ నడపాలి. ఆ గదిలో ఉద్యోగానికే ఈ పరీక్ష. తప్పితే ఇంకో అవకాశం లేదని పోర్టువాళ్ళు పంపిన కాగితంలోనే రాశారు. ఇంట్లో అందరి ఆశా దీని మీదే.

పాత క్రేను మీద దొరబాబుది ఇరవై నాలుగేళ్ళ పని. ఈ మూడు నెలలూ డ్యూటీ దిగి రాగానే స్నానం చేసి, కూతురి పక్కన కూర్చునేవాడు. ఆమె పాఠం పైకి చదివేది. అతను కళ్ళజోడు పెట్టుకుని అక్షరాల వెంట వేలు నడిపేవాడు. కళ్ళజోడు లేకపోతే అతనికి అచ్చంతా చీమల బారే. పాఠం చాలనుకున్నప్పుడు ఆ కళ్ళజోడే గుర్తుకి పేజీల మధ్య పెట్టి, పుస్తకం మూసేవాడు.

"విరిగిపోద్ది నాన్నా!" అని ఆమె కసిరేది.

"ఇలాగైతే రేపు ఎతుక్కోనక్కర్లేదే," అనేవాడు.

అమ్మ కాంతం వంటింట్లోంచి ఎత్తిపొడిచేది. "తండ్రీకూతుళ్ళకి ఆ పుస్తకమే కూడెడతాదేటి? లెగండి!"

సత్యశ్రీకి బాగా నచ్చింది పద్దెనిమిదో పాఠం. 'కంగారు పడకండి. మీరు చేసిన తప్పును వెనక్కి తీసుకునే మీట కంప్యూటరులో ఉంటుంది.' ఆ మాటల కింద ఎర్ర సిరాతో రెండు గీతలు గీసింది.

బస్సు జాలరిపేట దాటింది. చేపల గంపలతో ఇద్దరు ఆడవాళ్ళు దిగిపోయాక కాస్త గాలి ఆడింది.

"ఆ ఎర్రగీతల పాఠం ఇంకోపాలి సూద్దారి," అన్నాడు దొరబాబు, కళ్ళజోడు పెట్టుకుంటూ.

ఇద్దరూ పెదాలు కదుపుతూ చదివారు.

"మా క్రేనుకి ఇలాటి మీట ఉంటే బాగుణ్ణు," అన్నాడతను. "అక్కడ సెయ్యి జారితే జారినట్టే. ఇరవై టన్నులు."

కండక్టరు స్టాపు పేరు అరిచాడు. దొరబాబు ఎప్పటిలాగే పుస్తకం మూసి, కూతురి సంచిలో పెట్టి లేచాడు.

పరీక్ష సెంటరు గేటు ముందు అప్పటికే జనం. తండ్రులు, కొడుకులు, కూతుళ్ళు. అందరి మొహాల్లోనూ ఒకటే బెంగ. నాన్నతో పనిచేసే ఎల్లారావు తన కూతురు హేమశ్రీతో వచ్చాడు.

"బావా, పుస్తకం అంతా అయిపోనాదేటి?"

"అయిపోనాది. మీదో?" అన్నాడు దొరబాబు.

"మాది ఆరు పాఠాలు ఉండిపోనాయి. పుస్తకం తీత్తే సాలు, నిద్ర ముంచుకొత్తాది."

హేమశ్రీ తల దించుకుంది.

"ఏటి సేత్తాం బావా," అన్నాడు ఎల్లారావు. "ఇంక అప్పన్నసామే సూడాల."

గేటు దగ్గర గార్డు అరుస్తున్నాడు. "పరీక్ష రాసేవోళ్ళే లోపలికి! తోడొచ్చినోళ్ళు బయటే! సంచులు, ఫోన్లు, పుస్తకాలు ఏటీ తేవద్దు. ఒకపాలి గేటేత్తే కలెక్టరొచ్చినా తియ్యం!"

హాల్ టికెట్టు, ఆధారు కార్డు ఇద్దరూ కలిసి రెండోసారి చూసుకున్నారు. సత్యశ్రీ ఏదో చెప్పబోయింది. మూడు నెలల పాఠాలూ ఒక్కసారిగా గజిబిజిగా కలిసిపోయినట్టు అనిపించింది.

"బయపడకే," అన్నాడు నాన్న, ఆమె తల మీద చెయ్యి వేసి. ఆమె ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

వెనక నుంచి జనం తోసుకొచ్చారు. పట్టుకున్న చెయ్యి జారిపోయింది. తండ్రీకూతుళ్ళ మధ్య గేటు పడింది. తాళం వేసిన చప్పుడు.

లోపల గంట మోగింది.

గేటు బయట హేమశ్రీ పక్కన నిలబడి, ఇంకేం చెయ్యాలో తోచక సత్యశ్రీ సంచిలోంచి పుస్తకం తీసి తెరిస్తే, పద్దెనిమిదో పాఠం మీద, పరీక్ష రాయడానికి లోపలికి వెళ్ళిపోయిన నాన్న కళ్ళజోడు ఉంది.