గుబురయ్య చేతి రుచి

నేరేడు పళ్లు రాలి అడవి నేలంతా ఊదారంగు తిరిగిందంటే ఎలుగుబంటి నల్లమ్మకు పోయిన మొగుడు గుబురయ్యే కళ్లలో మెదిలేవాడు. బతికున్నప్పుడు ఆయన పళ్లు పిసికి కుండలో పోసి, పాత కుండ అడుగున మిగిలిన మడ్డి గరిటెడు కలిపేవాడు. ఆ మడ్డితోనే కల్లు బుసబుసా పొంగేది. అడిగినవాళ్లందరికీ అదే మడ్డి పెట్టి పంపేవాడు. "ఇల్లు గుల్ల చేస్తున్నావయ్యా" అని నల్లమ్మ సణిగితే నవ్వి ఊరుకునేవాడు.

ఆయన పోయాక ఒక్క కుండ కల్లు మిగిలింది. నల్లమ్మ దాని మూతికి మట్టి మెత్తి గుహ మూలన దాచింది.

"వదినా, మా కుండ పగిలిపోయింది. గరిటెడు మడ్డి పెట్టవూ?" అంటూ పొరుగున ఉండే ఏదుపంది వచ్చింది.

"అది మా ఆయన ఆఖరి కుండ. చుక్క కూడా ఇవ్వను, పో!" అని కసిరింది నల్లమ్మ.

మళ్లీ నేరేడు పళ్లు రాలాయి. నల్లమ్మ ఇక ఉండబట్టలేక, బీటలు వారిన మట్టి ఊడదీసి, దొప్పతో ముంచుకుని తాగింది. నోట్లో పళ్లు జివ్వుమన్నాయి. కల్లంతా పులిసి పాడైపోయింది. మొగుడు రెండోసారి పోయినట్టు బావురుమంది.

ఆ ఏడుపు విని ఏదుపంది తన కల్లు దొప్పెడు పట్టుకొచ్చింది. ఒక్క గుక్కకే నల్లమ్మ ఉలిక్కిపడింది. అదే వగరు, అదే తీపి, అచ్చం గుబురయ్య చేతి రుచి!

"ఎక్కడిదే ఇది?"

"నువ్వు లేదన్నాక కోతి దగ్గర మడ్డి తెచ్చుకున్నా వదినా. దానికి అన్నయ్యే పెట్టాడంట."

నల్లమ్మ లేచి తన కుండ ఒలకబోసి, కడిగి, ఏదుపంది ముందు పెట్టింది.

"గరిటెడు మడ్డి పెట్టవూ?" అంది.