జారిపోయే పిడి

బ్రూస్‌పేట అంగడిలో వంటింటి అలమరలకు పిడులు చూస్తున్నాం. ఇల్లు నాది, ఎంపిక నాదే అన్నాను.

నా భార్య బసవ్వ ఎదురు చెప్పలేదు. “నీ చేతుల్లో బలముండాది. అన్నీ నువ్వే లాగి చూడప్పా.”

హగరి ఏటి ఇసుకలో దిగబడిన ఎడ్లబండిని లాగిన చేతులివి! నెమలి పిడి లాగాను, ఆకు పిడి లాగాను. నున్నటి ఇత్తడి గుండు పిడి ఒక్కటే నా మొద్దు వేళ్లలోంచి జారిపోయింది.

“ఇది దేనికీ పనికిరాదు.”

“అన్నా, ఇదే కట్టియ్యి” అంది బసవ్వ అంగడాయనతో.

మొండిది. పోనీలే, సరదాపడిందని ఊరుకున్నాను.

పిడులు బిగించిన సాయంత్రం, ఆమె పెరట్లో ఉండగా బెల్లం అలమర దగ్గరికి పోయాను. గుండు జారింది. మళ్లీ జారింది.

వెనక నవ్వు వినిపించింది.

“షుగరుండాదని డాక్టరు చెప్తే ఇనకపోతివి. ఇప్పుడు లాగప్పా, యాడుంది నీ బలం?”