ఐదక్షరాలు, ఎస్, ఆర్

పదకొండైనా జవాబు రాలేదు.

అక్క ఫోన్‌ని తిరగేసి చూసింది, వెనకవైపేమైనా రాసి ఉంటుందేమో అన్నట్టు. మళ్లీ బల్ల మీద పెట్టింది. నిన్న పొద్దున ఏడింటికి తను పంపిన ప్రశ్న అలాగే ఉంది. ఐదక్షరాల ఇంగ్లీషు మాట. ఎస్, ఆర్ ఉండాలి.

చెల్లెలు ఇంత ఆలస్యం ఎప్పుడూ చెయ్యలేదు. అరగంట పడితే గొప్ప.

అది వాళ్ల నాన్న నేర్పిన ఆట. ఆయన ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు. అన్నాల దగ్గర కూర్చుని, ఇన్ని అక్షరాలు, అందులో ఫలానా రెండు ఉండాలి అనేవాడు. ముందు చెప్పినవాళ్లకి ఆ రాత్రి కిటికీ పక్కన పడుకునే హక్కు. ఒకసారి వాడిన మాట మళ్లీ వాడకూడదు. ఎక్కడా చూసి చెప్పకూడదు.

అక్కాచెల్లెళ్లు మాట్లాడుకుని ఆరేళ్లయింది. అమ్మ పోయిన వారంలో, నలుగురూ ఉండగా, చెల్లెలు ఒక మాట అంది. చుట్టపుచూపుకి వచ్చినదానివి, నీకెందుకంత ఏడుపు అని. అక్క ఆ మాటని దులుపుకోలేకపోయింది.

నాలుగేళ్ల కిందట ఒక ఆదివారం చెల్లెలి నుంచి మెసేజ్ వచ్చింది. బాగున్నావా అని లేదు. ఏడక్షరాలు, కె, టి అని మాత్రం ఉంది. అక్క గంటసేపు బిగదీసుకు కూర్చుని, చివరికి కిచెన్ అని పంపింది. అప్పటి నుంచి వారం విడిచి వారం వంతులు. ఆ ఒక్క మాట తప్ప రెండో మాట లేదు.

అక్క వంతు వచ్చినప్పుడల్లా ప్రశ్న ఒకటే. ఐదక్షరాలు, ఎస్, ఆర్. ఆమెకి కావలసింది సారీ. అది చెల్లెలికీ తెలుసు. అందుకే షుగర్ అని పంపింది. తర్వాత నర్స్. షర్ట్. స్కర్ట్. హార్స్. ఒకసారి గడ్డి కూడా పెట్టింది, గ్రాస్ అని.

తొంభై దాటాయి. ఎప్పటికో అప్పటికి మాటలు అయిపోవా అని అక్క ఆశ. ఆశపడీ ఆశపడీ చివరికి ఆమెకే అలుపొచ్చింది. సారీ వస్తే దాన్నేం చేసుకోవాలో కూడా ఇప్పుడు తెలియడం లేదు.

కానీ నిన్నటి నుంచి చెల్లెలి అలికిడే లేదు. ఒంటరి మనిషి. బీపీ ఉంది. కిందటేడు స్నానాల గదిలో జారిపడితే, ఆ సంగతి పనిమనిషి చెప్పాకే తెలిసింది.

భర్త మంచం మీద కాళ్లు చాపుకుని పేపరు చదువుతున్నాడు. ముప్పై ఏళ్లు బస్సులో టికెట్లు కొట్టిన మనిషి. ఎంత వేళాకోళమాడినా మొహంలో నవ్వు కనపడదు.

"వెళ్లి చూసి రారాదూ," అన్నాడు.

ఆరేళ్లుగా పట్టని దారి ఇప్పుడెలా పడతానని ఆమె సణిగింది. మోకాళ్లంది. ఎండంది. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"దూరమే మరి. దారిలో తినడానికేమైనా కట్టుకెళ్తావా?"

ఆమె లేచింది. చీర మార్చుకుంది. బీపీ మాత్రల అట్ట ఒకటి సంచిలో వేసుకుంది. గొడుగు తీసింది. గడప దగ్గర చెప్పులు వేసుకుని, విప్పి, మళ్లీ వేసుకుంది.

ఎండ మాడ్చేస్తోంది. మందుల షాపు నీడలో ఒకసారి ఆగింది. సైకిళ్లు బాగుచేసే అతని బల్ల మీద ఒకసారి కూలబడింది. ఇటొచ్చారేంటని అతనడిగాడు. చెల్లెలి దగ్గరికి అంది. అతను పంపు కొట్టడం ఆపేసి ఆమె వంకే చూస్తూ ఉండిపోయాడు.

చెల్లెలి తలుపు ఓరగా వేసి ఉంది. నెట్టగానే తెరుచుకుంది.

చెల్లెలు మంచం మీద, గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. జ్వరం లేదు, దెబ్బ లేదు. ఒళ్లో నోటుపుస్తకం. పేజీ నిండా ఇంగ్లీషు మాటలు, అన్నీ కొట్టేసి. కళ్ల కింద నల్లగా ఉంది, నిద్ర లేనట్టు.

అక్క పక్కనే చతికిలబడి తనూ గోడకి వీపు ఆనించింది. పుస్తకంలోకి తొంగి చూసింది.

"మాటలైపోయాయక్కా," అంది చెల్లెలు. "నిన్నటి నుంచి బుర్ర బద్దలు కొట్టుకుంటున్నా. ఇంకొక్కటే మిగిలింది."

ఫోన్‌లో వెతికితే వందలు దొరుకుతాయట కదా అంది అక్క. చూసి చెబితే నాన్న ఒప్పుకునేవాడా అంది చెల్లెలు.

"పోనీ ఆ ఒక్కటే పంపేసి ఉండొచ్చుగా. ఉన్నావో పోయావో తెలీక అక్కడ నా ప్రాణం పోయింది."

"ఫోన్‌లో పంపే మాట కాదది. ఎదురుగా చెప్పాల్సింది. లేచి రావడానికి కాళ్లు రాలేదు."

చెల్లెలు కళ్లద్దాలు తీసి నోరు తెరిచింది. అక్క చెయ్యి అడ్డం పెట్టింది. ఇన్నేళ్లు కాసుకు కూర్చున్న మాట తీరా ఎదురుగా వస్తే, వినే ఓపిక తనలో మిగల్లేదు.

"ఉండనీ. అది కూడా చెప్పేస్తే ఇంక ఆడటానికేం ఉంటుంది?" అంది. "మాత్ర వేసుకున్నావా?"

చెల్లెలు జవాబు చెప్పేలోపే, చెరో వీధికి వాకిలి పెట్టుకుని ఆరేళ్ల కిందట ఇంటి మధ్యలో కట్టించుకున్న ఆ గోడకి అవతల, అక్క పడగ్గదిలోంచి బావగారి గొంతు వినపడింది: "ఏమ్మా మరదలా, మీ అక్క క్షేమంగా చేరిందా?"