పళ్లెంలో చర్మం

కాలేజీ పాట వీడియో కోసం జెలటిన్, గ్లిజరిన్ కాచి నకిలీ చర్మం చేశాను. ఒక ముక్కని అక్క చెంపకి అతికించాను. రెండోది పళ్లెంలో ఆరబెట్టి, అది ముడుచుకోవడం నిమిషానికో ఫొటో తీసేలా కెమెరా పెట్టాను. గదంతా ఉడికిన ఎముకల కంపు.

"ఛీ, చీమిడిలా ఉంది. డోకొస్తోందిరా!" అంది అక్క.

రాత్రి పదింటికి ఫొటోలు చూశాం. ఒకదాంట్లో పళ్లెంలోని చర్మం మీద దోమ వాలి ఉంది.

"పిచ్చిది, మోసపోయింది!" అని అక్క నవ్వింది.

తర్వాతి ఫొటోలో దాని పొట్ట ఎర్రబడింది. ఆ తర్వాతి దాంట్లో ఉబ్బింది. చివరి దాంట్లో దోమ లేదు. అది కుట్టినచోట దద్దురు లేచి, చుట్టూ సన్నటి నూగు నిక్కబొడుచుకుని ఉంది.

వెనక అక్క చెంప గోక్కుంటున్న చప్పుడు వినిపించింది.

"ఒరేయ్, ఇది ఊడట్లేదేంట్రా? లాగుతుంటే నొప్పెడుతోంది."